లిస్టులో లేని సర్వపిండి

ఆ రోజుల్లో నిజామాబాద్ నెట్ సెంటర్లలోకి చెప్పులు విడిచి వెళ్లాలి. కంప్యూటర్లకు ఏసీ, మన చెప్పులకు నడిరోడ్డు ఎండ.

ఆ చల్లదనంలో పనిచేస్తుండగానే నాకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కెమిస్ట్ సారు పరిచయమయ్యారు. చెరుకు రసంలో తీపి ఎంతుందో కొలవడం ఆయన ఉద్యోగం. పది కిలోలు తగ్గితే తప్ప మోకాలికి ఆపరేషన్ చేయనని డాక్టర్ అనడంతో, బరువు తగ్గించే వెబ్‌సైటు ఒకదానిలో చేరారు. తిన్నవన్నీ వారం వారం అందులో ఎక్కించాలి. టైపింగ్ నాది, తినడం ఆయనది.

“సర్వపిండి, నాలుగు” అన్నారు మొదటి వారం.

“వీళ్ల లిస్టులో సర్వపిండి లేదు సార్.”

“లేదా? అయితే తిననట్టే. ఇడ్సిపెట్టు తమ్మీ” అని చెయ్యి విదిలించారు.

సకినాలు లేవు, గారెలు లేవు, మలీద లేదు. ప్రతిదానికీ అదే మాట, అదే విదిలింపు. చివరికి లిస్టుకెక్కింది అరటిపండు ఒక్కటే. ఆ లెక్కన ఇంత బరువు తగ్గారంటూ వెబ్‌సైటు వారం వారం అభినందించేది. సారు ఆ అభినందనలకు ప్రింట్లు తీయించి ఫైలు కట్టారు.

మూడు నెలలకు ఆ ఫైలు డాక్టర్ ముందు పెట్టారు. డాక్టర్ దాన్ని పక్కకు జరిపి కాంటా ఎక్కమన్నాడు. సారు నాలుగు కిలోలు పెరిగారు.

“గట్లెట్లయితది? కంప్యూటర్ల తగ్గిన్నని రాసింది గద!”

మోకాలు పట్టుకుని దిగుతున్న భర్తను వాళ్లావిడ ఒకసారి చూసి, డాక్టర్ వైపు తిరిగింది.

“గా ఆపరేషన్ కంప్యూటర్‌కే చేయుండ్రి సార్.”