ముప్పై ఒకటో ఫుట్‌నోటు

జూన్ 22, ఆదివారం. కరీంనగర్, మా ఇల్లు. పొద్దున జల్లు, తర్వాత ఉక్క. హాజరు: నేను, మంచిర్యాల నుంచి వచ్చిన మా వదిన, వదిన కూతురి బిడ్డ. గైర్హాజరు: మా ఆవిడ, వేములవాడలో పెళ్లికి పోయినందున.

ఇట్లా రాయడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. బొగ్గుబాయి టైం ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు, ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు అని రాయడమే నా పని. దిగేవారి సంగతి రాసి ఇంటికి వచ్చాక దినం సంగతి రాసేవాణ్ని. చొప్పదండిలోని ఒక ఎరువుల దుకాణం ఏటా ఇచ్చే డైరీలు, అట్ట మీద పత్తికాయ బొమ్మ. నిరుడు దసరాకు అన్న మనవరాలు, అంటే ఈ పిల్లే, వాటిని రెండు సంచుల్లో నింపుకొని పోయింది. ఎమ్మే చరిత్ర చదువుతున్నది. బొగ్గుబాయి కాలనీలో మనుషులు ఎట్లా బతికారో సిద్ధాంత వ్యాసం రాయాలట. రాసిన ప్రతి మాటకూ ఒక నంబరు వేసి, ఆ మాట ఎక్కడిదో పేజీ అడుగున చెప్పాలట. నాకు నచ్చింది. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల ఉండేది, బిళ్ల లేనిదే లోపలికి పంపేవాళ్లం కాదు. మాటకు కూడా బిళ్ల ఉండాలనడం న్యాయమే అనిపించింది.

సోమవారం సాయంత్రంలోగా వ్యాసం అప్పజెప్పాలి. తప్పులుంటే నేను పట్టుకుంటానని ఆదివారం వచ్చింది. తోడుగా అమ్మమ్మను, తిరిగి ఇవ్వడానికి నా డైరీలను తెచ్చింది. చాయ్ తాగి, ముందు చివరి పేజీల్లోని ఆధారాల పట్టిక తీసింది.

"చిన్న తాతా, నీ డైరీలకు ప్రచురణకర్త ఎవరని రాయాలె?"

"ఎరువుల దుకాణం."

"గట్ల రాస్తే మా సార్ నవ్వుతడు."

"మరి ఎవరు అచ్చేసిండ్రో వాళ్ల పేరే రాయాలె గద."

చివరకు అముద్రితం అని రాసింది. గెజిటీరుకూ ఒక విచారణ సంఘం నివేదికకూ నడుమ నా పేరున్నది. బతికి ఉండగానే గ్రంథకర్తనయ్యాను. వదిన ఏమీ అర్థం కాకున్నా నవ్వింది. ఆమెకు చదువు రాదు. వ్యాసంలో ఆమె పేరు కూడా ఉన్నది, మౌఖిక ఆధారాల కింద. కాలనీలో నీళ్లు, బొగ్గు పొయ్యి, జీతం నాటి సంత, అన్నీ ఆమె చెప్పినవే. అన్న పోయిన దినం గురించి కూడా చెప్పింది.

అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. బాయిలో పనిచేసేవాడు. ఒక వానాకాలం రాత్రి షిఫ్టుకు దిగాడు, పైకప్పు కూలింది. అప్పటికి వాళ్ల బిడ్డకు, అంటే ఈ పిల్ల తల్లికి, నాలుగేళ్లు. వదిన ఎప్పుడూ చెప్పే మాట ఒకటే. ఆ సాయంత్రం అన్న ఇల్లు కదలలేదు. గంజి వంచుతుంటే ఆమె చేయి కాలింది. అందుకని బిడ్డకు జడ తనే వేశాడు, వంకరగా. తర్వాత తిని, దిగడానికి పోయాడు.

ఆ పిల్ల ఒక్కొక్క ఫుట్‌నోటూ చదువుతుంటే నేను పెన్సిలుతో గీత పెడుతున్నాను. ముప్పై ఒకటోది వచ్చింది. చదవడానికి కొంచెం తటపటాయించింది.

"ఆ సాయంత్రం ఆయన ఇంట్లోనే ఉన్నట్టు భార్య చెప్పిన మౌఖిక కథనాన్ని, అదే దినం తమ్ముడు రాసిన దినచర్య సమర్థించదు. దుఃఖం వల్ల జ్ఞాపకం తారుమారై ఉండవచ్చు."

"తారుమారంటే ఏంది బిడ్డా?" అని అడిగింది వదిన.

"అంటే... నువ్వు వేరే నాటిది యాదికి తెచ్చుకున్నవేమో అని, అమ్మమ్మా. చిన్న తాత డైరీల తాత వాళ్లింటికి పోయిండని ఉన్నది. సార్ అన్నడు, ఆ దినమే రాసిన కాయిదం ఉంటే దాన్నే నమ్మాలని."

వదిన చీర కొంగు సవరించుకున్నది. "రాసినోళ్ల మాటే చెల్లుతది. నాకు సదువెక్కడిది," అన్నది. తర్వాత ఎవరినీ చూడకుండా, "మరి జడ ఎవరేసిండ్రు?" అన్నది.

నాకేమీ అనిపించలేదు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము కనిపించింది, తుడవాలని అనుకున్నాను. ఆ పేజీలో ఏమున్నదో చూడకుండానే నాకు తెలుసు. "అన్న వచ్చినాడు. చాయ్ తాగినాడు. ఏడింటి దాకా కూర్చున్నాడు."

టైం ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. నాగా పెట్టని మనుషులకు, గుంపు రాకముందే హాజరు వేసి పెట్టుకునేవాళ్లం. తప్పే, కాని అందరం చేసేవాళ్లం. ఎప్పుడైనా మనిషి రాకుంటే ఒక గీతతో కొట్టేసి పక్కన సంతకం చేయాలి. ఆ పద్ధతినే ఇంటికి తెచ్చుకున్నాను. డ్యూటీ దిగి నాలుగింటికి వచ్చేవాణ్ని. అప్పుడే డైరీ మొత్తం రాసేసేవాణ్ని, ఎందుకంటే అయిదింటికి అన్న వచ్చేవాడు, అన్న పోగానే పేకాట వాళ్లు వచ్చేవారు. అన్న రెండు వరసల అవతలి క్వార్టరు నుంచి తప్పకుండా వచ్చేవాడు. అందుకని వచ్చినాడని ముందే రాసేవాణ్ని. ఆ దినం పెద్ద వాన. అన్న రాలేదు. రేపు కొట్టేద్దామని పెన్ను మూత పెట్టాను. తెల్లవారకముందే బాయి సైరన్ మోగింది.

ఏడు దినాల పేజీలు ఖాళీ. ఎనిమిదో దినం "వాన" అని ఉన్నది. నేను ఏడ్చినట్టు గుర్తు లేదు. నష్టపరిహారం ఫారాలు నింపాను, ఎక్కడా కొట్టివేత లేకుండా నింపాను. ఆ ఒక్క వాక్యం మాత్రం కొట్టేయలేదు. తర్వాత ఎన్నోసార్లు చదివాను. చదివి చదివి, అన్న గడప పక్కన గొంతుక్కూచొని గ్లాసు రెండు చేతుల నడుమ తిప్పడం నాకు కనిపించసాగింది. రాని మనిషి పట్టుకున్న గ్లాసు.

"జడ అన్ననే ఏసిండు, వదినా," అన్నాను. "నేను గా మాట నాలుగింటికే రాసిన. అయిదింటికి అన్న రాలే."

ఆమె తల ఆడించింది. "రాలేదని నాకెర్కే. నువ్వు రాసినవనే ఎర్క లేదు."

పిల్ల ల్యాప్‌టాప్ సగం మూసింది. "నీ డైరీకి యాభై రెండు చోట్ల ఫుట్‌నోటు నంబర్ ఇచ్చిన, చిన్న తాతా. తాత వచ్చిండని ఉన్నయన్నీ ముందే రాసినయేనా?"

"ముందే రాసిన. కాని వచ్చేటోడు. గా ఒక్కనాడే రాలే."

"గది నేనెట్ల నమ్మాలె?"

నేను టైం ఆఫీసులో అడగాల్సిన ప్రశ్నే అది.

"ఇన్నేండ్లు ఎందుకు కొట్టెయ్యలే?"

"తెల్వదు," అన్నాను. నిజమే చెప్పాను.

"ఇడ్సిపెట్టు బిడ్డా," అన్నది వదిన. "కాయిదంల వాళ్ల అన్నకు ఒక చాయే గద తాపిచ్చిండు." అని, తన గ్లాసు అడుగున మిగిలింది తాగేసి, మెల్లగా చెప్పింది. "గా జడ మూడు దినాలు ఇప్పలే. పిల్ల నెత్తి గోక్కుంటనే ఉన్నది."

పిల్ల ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నది, దినమూ సమయమూ వేసి. తర్వాత నన్ను కూడా మొదటి నుంచి చెప్పమన్నది. చెప్పాను. సార్ ఆధారమేందని అడిగితే ఏమనాలె అన్నది. నా పేరే చెప్పమన్నాను.

జూన్ 23, సోమవారం. తెరిపి. పొద్దున ఆరింటికి పాత డైరీ తీసి, ఆ వాక్యాన్ని ఒక గీతతో కొట్టేశాను, లోపలి అక్షరాలు కనిపించేటట్టు, నియమం ప్రకారం. పక్కన "రాలేదు. ఇంట్లో ఉన్నాడు" అని రాసి, సంతకం చేసి, ఈనాటి తేదీ వేశాను. వదిన వచ్చి "గా మాట ఏడున్నది?" అని అడిగింది. చూపించాను. గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు జరిపి, చాయ్ పెట్టడానికి పోయింది. పిల్ల ముప్పై ఒకటో ఫుట్‌నోటు మార్చి రాసి, పేజీకి ఫోటో తీసుకొని, బస్టాండు దగ్గర ప్రింటు తీసుకుంటానని ఏడింటికి బయలుదేరింది. మౌఖిక ఆధారాల పట్టికలో ఇప్పుడు వదిన పేరు మొదట, దాని కింద నాది. ఒక సాయంత్రం గడవడానికి ఇన్నేళ్లు పట్టింది.