కిరాయికి దిగిన జబ్బు

రొమ్ము క్యాన్సర్ ఉన్న అమ్మకు మెదడులో కూడా రెండు మచ్చలు కనిపించినప్పుడు, ఉప్పల్ దవాఖానాలో డాక్టర్ వాటికి గురిపెట్టి రేడియేషన్ ఇస్తామన్నారు. ఆ తర్వాత మాత్రం రొమ్ము క్యాన్సర్ మాత్రలే వాడాలన్నారు. తలలో జబ్బుకు రొమ్ము మందు ఏమిటని కాస్త గట్టిగానే అడిగాను.

"రొమ్ము నుంచి పాకిందే కదా. మెదడులో ఉన్నా అది రొమ్ము క్యాన్సరే," అన్నారాయన.

నా బుర్రకు ఎక్కలేదు. అమ్మకు వెంటనే ఎక్కింది.

"మనం గంతే గద బిడ్డా. నాచారం వచ్చి ఇన్నేండ్లాయె. ఎవలన్న మీది ఏ ఊరంటే జనగామ దిక్కనే అంటం."

డాక్టర్ నవ్వారు. అమ్మ నవ్వలేదు. "కని సార్, మేం కిరాయికే దిగినం. మెల్లగ జాగ కొన్నం, ఇల్లు గట్టినం, ఇప్పుడు మేమే పై పోర్షన్ కిరాయికిస్తున్నం. ఈ జబ్బు గట్ల పాతుకపోకముందే ఎల్లగొట్టున్రి."

రేడియేషన్ అయ్యాక కొన్ని వారాలు పగలు కూడా నిద్రపోయేది. మెదడు వాపు తగ్గడానికిచ్చిన స్టెరాయిడ్లకు ముఖం ఉబ్బి, ఆకలి పెరిగి, అన్నం ఆలస్యమైతే నన్ను తిట్టేది. ఆ తిట్లు తగ్గి, తనే కూరగాయలకు వెళ్లడం మొదలుపెట్టాక మళ్లీ స్కాన్ తీశారు.

కుర్చీలో కూర్చోకముందే అడిగింది. "ఖాళీ జేసిందా సార్?"

ఆయన తెరమీది బొమ్మను చాలాసేపు చూశారు. "ఒకటి చేసిందమ్మా. రెండోది చిన్నగైంది. సామాన్లు సర్దుకుంటోంది."

"సర్దుకునుడు మస్తు సూసిన సార్," అంది అమ్మ. "తాళంచెవి నా చేతుల వెట్టినంకనే నమ్ముత."