మంత్రదొంగను ఎప్పుడు దింపాలి

కార్డు మీద మంత్రదొంగ బొమ్మ చూస్తే ఎవరికీ భయం పుట్టదు. పొడవాటి తోక, మెడలో సంచి, బిక్కమొహం. మా అమ్మాయి దగ్గరున్న కార్డుల్లో అన్నిటికన్నా బలహీనమైన జీవి అదే. ఒక్క దెబ్బకు పోతుంది. కానీ దానికొక గుణం ఉంది. అది బల్ల మీద ఉండగా ఎదుటివాడు మంత్రపు కార్డు వేస్తే ఆ మంత్రం పారదు. దొంగ దాన్ని సంచిలో వేసుకొచ్చి మనకిస్తుంది. ఒకసారి మనం వాడుకోవచ్చు.

నేను తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో కొలతలు చూస్తాను. పదో తరగతితో బడి ఆగిపోయినా లెక్కలు ఆపలేదు, పాత పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఆటల మీద మాత్రం ఎన్నడూ మనసు పోలేదు. నడివయసులో కార్డులు పట్టింది మా అమ్మాయి కోసమే.

తను ఎనిమిదో తరగతి. బడిలో ఎవరితోనూ మాట్లాడదని టీచరు పిలిపించి చెప్పింది. ఇంట్లోనూ అడిగినదానికే జవాబు. అలాంటి పిల్ల, వికారాబాద్‌లో ఒక బొమ్మల దుకాణం వెనక గదిలో ఆదివారాలు ఈ ఆట ఆడతారని విని, తీసుకుపొమ్మని తనంతట తానే అడిగింది. అక్కడ బల్ల ముందు కూర్చుంటే గలగలా మాట్లాడేది. నేను తలుపు దగ్గర నిలబడి ఆ గొంతు వినేవాణ్ని.

కానీ వెళ్లిన ప్రతిసారీ ఓడిపోయేది. ఒక ఆదివారం తిరుగు రైల్లో కిటికీ వైపు మొహం పెట్టుకుని అంది.

“వచ్చే వారం గూడ ఓడితే ఇగ రాను నాయినా. కార్డులు ఎవరికన్న ఇచ్చేస్త.”

“ఆటన్నంక ఓడరా బిడ్డా?”

“ఓడితే ఫికర్ లేదు. ‘మళ్ల గా దొంగనే పట్టుకొచ్చింది’ అని నవ్వుతున్నరు.”

కార్డులు ఇచ్చేస్తే ఆ గొంతు కూడా పోతుంది. రైలు తాండూరు చేరేలోపు నిశ్చయించుకున్నాను, ఈ ఆట నేర్చుకుని తీరాలని.

మర్నాటి సాయంత్రం నుంచి ఇద్దరం నేల మీద కూర్చున్నాం. మా అమ్మ గుమ్మంలోంచి చూసింది.

“పోరికి పేకాట నేర్పుతున్నవారా?”

“పేకాట గాదే అమ్మా, మంత్రాలు.”

“గది ఇంకా మంచిగున్నది!”

మా అమ్మాయి చేసే పొరపాటు నాకు త్వరగానే కనబడింది. దొంగ చేతికి రాగానే దింపేసేది. ఎదుటివాడు ముందు దాన్ని చంపి, తర్వాత నింపాదిగా మంత్రాలు వేసుకునేవాడు. అతను మంత్రం వేస్తున్న క్షణంలోనూ దొంగను దింపవచ్చు, కాకపోతే రెట్టింపు శక్తి, అంటే కార్డు దింపడానికి ఖర్చయ్యే పాయింట్లు, కావాలి. ప్రతి వంతులో కొంత శక్తి మిగుల్చుకునే ఓపిక తనకు లేదు.

అప్పుడు మా నాయన సంగతి చెప్పాను. మాది పెద్దేముల్ వైపు గొర్లు కాసే కుటుంబం. అంగడిలో బేరగాళ్లు తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టి ధర తెలుపుకునేవారు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసేది కాదు. మా నాయన ఎన్నడూ ముందుగా వేలు పట్టలేదు. భుజం మీది తువ్వాల తీసి తన చేతి మీద కప్పి చూపించాను. “ఎదుటోన్ని ముందు పట్టనియ్యి. నువ్వు దొంగిలించినది గూడ గిట్లనే తువ్వాల కిందుంచు, ఆఖరికి తియ్యి.” ఏ వంతులో ఎంత శక్తి మిగలాలో ఇద్దరం లెక్క కట్టుకున్నాం.

ఆదివారం తన ఎదుట గడ్డమున్న డిగ్రీ కుర్రాడు కూర్చున్నాడు. సగం ఆటలో పిడుగు మంత్రం వేశాడు. ఎదుటి పక్కనున్న జీవులన్నిటినీ కాల్చేసే మంత్రం అది. మా అమ్మాయి చప్పుడు లేకుండా దొంగను దింపింది.

“అరె, నా పిడుగు!”

“మీది గాదన్నా, ఇప్పుడు నాది.”

అప్పుడు తెలిసింది నా సలహాలో తప్పు. తువ్వాల దాచేది చుట్టూ చూసేవాళ్ల నుంచి, వేలు పట్టినవాడి నుంచి కాదు. పోయింది అతని పిడుగే, అతనికి తెలియదా? వెంటనే వెయ్యి బిడ్డా అని చెప్పాలనిపించింది. చూసేవాళ్లు నోరు విప్పకూడదు.

తను వెయ్యలేదు. అతను మాత్రం పిడుగుకు జంకి, బలమైన జీవుల్ని చేతిలోనే ఆపుకుని, ఒక్కొక్కటిగా చిన్నవాటినే దింపసాగాడు. మా అమ్మాయి తన చిన్న జీవులతో ప్రతి వంతులో కొడుతూనే పోయింది. అతని ప్రాణాల లెక్క సున్నాకొచ్చి మా అమ్మాయి గెలిచేసరికి పిడుగు ఇంకా తన చేతిలోనే ఉంది.

“ఎందుకెయ్యలేదు చెల్లె?”

“ఏస్తే మీకు భయం పోతది గదన్నా.”

అతను గట్టిగా నవ్వాడు. “వచ్చే వారం చెప్త నీ దొంగ సంగతి.”

“ఎన్ని గంటలకొస్తరు?” అని అడిగింది మా అమ్మాయి.

తిరుగు రైల్లో కిటికీ వైపు చూడలేదు. “నాయినా, ఈసారి ఆయన ముందు చిన్న మంత్రమేసి దొంగను బయటికి గుంజుతడు. అప్పుడేం జెయ్యాలె?”

తువ్వాల పరిచి మా ఇద్దరి మధ్య సీటు మీద కార్డులు సర్దాను.