గుడ్డ చుట్టిన మేకగంట

2024 జూన్‌లో, మధ్యధరా సముద్రంలోని గ్రీకు దీవి క్రీట్‌లో, నిద్రపోతున్న ఒకావిడను నేను తలుపు కొట్టి లేపాను. మా వృత్తిలో దీన్ని ఎవరూ తప్పనరు. మనుషుల్ని లేపడం, లెక్కపెట్టుకోవడం, బండెక్కించడం, టూర్ మేనేజరు పనే అది. అయినా ఇన్నేళ్ళ నా పనిలో వెనక్కి తీసుకోగలిగితే బాగుండును అనిపించేది ఆ తలుపు చప్పుడే.

తెనాలి బోసు రోడ్డు పక్క సందులో నాకు చిన్న ట్రావెల్ ఆఫీసు ఉంది. కాశీ, రామేశ్వరం యాత్రలతో మొదలుపెట్టి, సింగపూరు మీదుగా యూరప్ దాకా వచ్చాను. ఐటినరరీ అంటే ఏ పూట ఏం చూడాలో రాసి ఇచ్చే కార్యక్రమం. అది నిండుగా ఉంటేనే మావైపు వాళ్ళకి తృప్తి. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే వేలుపెట్టి మరీ అడుగుతారు. ఒకసారి ఒక పెద్దాయన పడుకున్నాడు కదా అని లేపకుండా వదిలేశాను. ఊరికొచ్చాక ఆయన ఆఫీసుకొచ్చి నలుగురి ముందూ నన్ను దులిపేశాడు. అప్పట్నుంచి ఎవర్నీ వదిలింది లేదు.

ఆ ఏడు గ్రీసు వెళ్ళిన మా చిన్న బృందంలో బాపట్ల నుంచి సలోమి గారూ, ఆవిడ ఆడపడుచు మార్తమ్మ గారూ ఉన్నారు. సలోమి గారు ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. మార్తమ్మ గారు మిషన్ స్కూల్లో టీచరు. రేపల్లె నుంచి రైసుమిల్లు శేషగిరిరావు గారు భార్యతో వచ్చారు. మిగతావాళ్ళది తెనాలి. ఏథెన్సు తిరిగి తిరిగి కాళ్ళు వాచాక, ఆఖరి మజిలీగా క్రీట్‌లోని ఒక పల్లె హోటల్‌ని కార్యక్రమంలో పెట్టాను. నిజం చెప్పాలంటే ఊళ్ళోని పెద్ద హోటళ్ళు దొరక్క పెట్టాను.

అది ఒకప్పుడు ఆలివ్ నూనె గానుగ. మూరెడు మందం రాతిగోడలు. వాకిట్లో ద్రాక్షపందిరి, దాని కింద పాత గానుగరాయే భోజనాల బల్ల. గదులు కొన్నే. వాటిల్లో టీవీ లేదు, ఫోను లేదు. కొండవాలంతా ఆలివ్ చెట్లు, వాము వాసనను గుర్తుచేసే ఏదో అడవి మొక్క, దూరంగా సన్నటి నీలిగీతలా సముద్రం. యజమానురాలు ఎలెని గారికి అరవై దాటి ఉంటాయి. తనే వండుతుంది, తనే వడ్డిస్తుంది. మొదటి పూట ద్రాక్షాకుల్లో పొట్లం కట్టి ఉడికించిన అన్నం పెట్టింది. దాని పులుపుకి మావాళ్ళు ఊరగాయ సీసా మూత తియ్యడం మర్చిపోయారు.

దిగిన రోజే ఎలెని గారు సలోమి గారి ముఖం కాసేపు చూసి, నేను రాసుకొచ్చిన గదుల కేటాయింపు మార్చేసింది. ముందువైపు సముద్రం కనిపించే గది బదులు, వెనక చిన్న కిటికీ ఉన్న చల్లటి గది ఇచ్చింది. వ్యూ పోయిందే అని నేనే నొచ్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పాత రేవులోని కోట చూడాలి. వ్యాను వచ్చింది. హెడ్ కౌంట్, అంటే తలల లెక్క, చూస్తే ఒకరు తక్కువ.

"వదిన పడుకుందండి. ఉండనివ్వండి," అన్నారు మార్తమ్మ గారు.

"టికెట్ తీసేశామండి. చూడకపోతే తర్వాత ఆవిడే బాధపడతారు," అన్నాను.

"ఏమయ్యా ప్రసాదూ, ఎండ దిగాక చూపిస్తావా కోట?" అని శేషగిరిరావు గారు వ్యానులోంచి కేక.

నేను వెనక్కి వెళ్ళాను. వంటింటి గుమ్మంలో ఎలెని గారు పెదాల మీద వేలు పెట్టి చూపించింది. నవ్వి దాటిపోయాను. వెనక పెరట్లో కట్టేసిన మేక కనిపించింది. దాని మెడలో గంటకి పాత గుడ్డ చుట్టి, దారంతో బిగించి ఉంది. తమాషాగా అనిపించి ఫోటో తీసుకున్నాను. తర్వాత తలుపు కొట్టాను. పలక్కపోతే ఇంకాస్త గట్టిగా కొట్టాను.

"వస్తున్నా, వస్తున్నా. ఏ బెడ్డు?" అని లోపల్నుంచి గొంతు వినిపించింది.

క్షణాల్లో ఆవిడ జడ సర్దుకుంటూ బయటికొచ్చారు. ఎక్కడున్నారో అప్పుడే తెలిసినట్టు చుట్టూ చూసి, "మీరా బాబూ," అని నాతో నడిచారు. దారంతా వ్యానులో నిటారుగా కూర్చున్నారు.

కోట గోడ మీద అందరూ ఫోటోలు దిగుతుంటే మార్తమ్మ గారు నన్ను పక్కకి పిలిచారు.

"తమ్ముడూ, మా అన్నయ్య మంచాన పడి ఏళ్ళపాటు ఉన్నాడు. రాత్రంతా ఆయన ఊపిరి వింటూ కూర్చునేది వదిన. ఆయన పోయాక కూడా ఆ చెవి ఊరుకోవట్లేదు. చీమ చిటుక్కుమంటే లేచి కూర్చుంటుంది. మందులయ్యాయి, ప్రార్థనలయ్యాయి. ఎక్కడన్నా గాలి మారితే నిద్ర పడుతుందేమోనని లాక్కొచ్చాను. ఇవాళ పట్టింది. గురక కూడా పెట్టింది. పక్కన కూర్చుని ఏడ్చేశాను నేను."

కోటలో ఇంకేం చూశానో నాకు గుర్తులేదు.

తిరిగొచ్చాక ముందు ఎలెని గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మేక దగ్గరికెళ్ళి గంటకున్న గుడ్డ సరిగ్గా ఉందో లేదో చూసి వచ్చింది. అప్పుడు అర్థమైంది, నేను ఫోటో తీసుకున్నది ఏమిటో. పొద్దున్నుంచి తోటలో నీళ్ళ మోటారు కూడా వెయ్యలేదట. "చెట్లు ఆగుతాయి," అంది వచ్చీరాని ఇంగ్లీషులో. ఆ దీవిలో మధ్యాహ్నం వేళ ఎవరూ ఎవరి తలుపూ కొట్టరట. ముఖం చూసి మనిషికి ఏం కావాలో కనిపెట్టే ఆ నేర్పు, ఇన్నేళ్ళుగా మనుషుల్ని తిప్పుతున్న నాకు లేకపోయింది.

సలోమి గారికి క్షమాపణ చెప్పాను. ఆవిడ నవ్వారు.

"డ్యూటీలో ఉన్నవాళ్ళని తప్పు పట్టకూడదు బాబూ. జ్వరం చూడాలని తెల్లారకుండా ఎంతమందిని లేపానో నేను! వాళ్ళందరి ఉసురూ ఇవాళ తగిలినట్టుంది."

ఆ నవ్వుతో నా తప్పు తేలికపడలేదు.

మర్నాటి కార్యక్రమం రద్దు చేస్తున్నానని భోజనాల దగ్గర చెప్పాను. శేషగిరిరావు గారికి కోపమొచ్చింది.

"ఇంత దూరం వచ్చి, రేపల్లెలో పడుకున్నట్టే పడుకోవాలా?"

"రేపల్లెలో మీరు పడుకుంటారు, నేను వండుతాను," అంది ఆయన భార్య. "ఇక్కడ నేనూ పడుకుంటా."

పందిరి కింద అందరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వక తప్పలేదు.

మర్నాడు, వెళ్ళాలన్నవాళ్ళని డ్రైవరు తీసుకెళ్ళాడు. నేను వెనక గది ఎదురుగా రాతిమెట్టు మీద కాపలా కూర్చున్నాను. సలోమి గారు తలుపు తీసి, "ఏంటి బాబూ, వార్డుబాయ్‌లా కూర్చున్నావ్? నిద్ర రావట్లేదులే, లే," అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ పూట ఆవిడా ఎలెని గారూ చిక్కుడుకాయలు ఒలిచారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా చెరో భాషలో ఏదో చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ చల్లటి గదిలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ముఖం తేటపడింది కానీ, మొదటినాటి నిద్ర మాత్రం మళ్ళీ రాలేదు. పోగొట్టింది నేను.

ఆ యాత్ర తర్వాత నుంచి నా ప్రతి ఐటినరరీలో ఒక రోజు ఖాళీగా వదిలేస్తున్నాను. విమానం అందుకోవాల్సిన రోజు తప్ప ఎవరి తలుపూ కొట్టను. గొణిగేవాళ్ళు గొణుగుతారు, ఆ రోజు గడిచాక మానేస్తారు. అయితే సలోమి గారికి నేను చేయగలిగింది ఒక్కటే. అది తిరుగు ప్రయాణంలో, బాపట్లలో జరిగింది.

గన్నవరంలో దిగి వ్యాను ఎక్కాం. తెనాలి వాళ్ళు తెనాలిలో దిగిపోయారు. పొన్నూరు దాటాక వెనక్కి చూస్తే, సలోమి గారు మార్తమ్మ గారి భుజం మీద తల వాల్చి ఉన్నారు. నోరు కొంచెం తెరుచుకుంది. సన్నగా గురక. మార్తమ్మ గారు భుజం కదపకుండా, కళ్ళతోనే నన్ను బతిమాలుతున్నారు.

వాళ్ళ వీధిలో వేపచెట్టు నీడకి వ్యాను ఆపించాను. డ్రైవరు తాళం చెవి మీద చెయ్యేసి ఆగాడు.

"ఇంజను ఆపితే ఏసీ పోద్ది సార్. లేస్తారు."

"ఆపకు."

శేషగిరిరావు గారు ఇంకా రేపల్లె చేరాలి. ఏమంటారోనని చూశాను. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని మెల్లగా దిగుతున్నారు.

"మేం టీ తాగొస్తాం," అన్నారు గుసగుసగా. "డోరు గట్టిగా వెయ్యకు."

అప్పుడే వీధి మలుపులో కూరగాయల ఆటో మైకు మొదలైంది. టమాటాలు, వంకాయలు అంటూ వీధంతా దద్దరిల్లుతోంది. నేను ఎండలో దానికి ఎదురు పరిగెత్తి, హ్యాండిల్ పట్టుకుని ఆపాను.

"మైకు కాసేపు ఆపవా బాబాయ్. బండిలో ఒకావిడ పడుకున్నారు."

"జబ్బు మనిషా?"

"కాదు. నిద్రపట్టింది."

ఆయన నన్నూ, వ్యానునీ మార్చి మార్చి చూశాడు. మైకూ, ఇంజనూ కట్టేసి, ఆటో దిగి, వ్యాను దాటేదాకా దాన్ని తోసుకుంటూ నడిచాడు. వెనక నేనూ ఒక చెయ్యి వేశాను.