వేడి మీద లేవని బండి

కాటమయ్య కారు పొద్దున పూట ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. తాళం తిప్పితే చాలు, మొదటి సెల్ఫ్‌కే లేచేది. చిక్కంతా ఇంజన్ వేడెక్కాక ఎక్కడైనా ఆపితేనే. అతను టీ తాగి వచ్చేసరికి అది మొండికేసేది. సెల్ఫ్ గిరగిరా తిరిగేది, ఇంజన్ మాత్రం అందుకునేది కాదు. ముప్పావుగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ లేచేది.

కాటమయ్యది చిల్పూర్. యాభై రెండేళ్లు. పదేళ్ల కిందటి దాకా తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఒక వానాకాలం పొద్దున నడుముకు కట్టుకునే మోకు జారి పడి తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉండి లేచాక, మళ్లీ చెట్టెక్కనని భార్య కౌసల్య అతని చేత ఒట్టు వేయించుకుంది. ఎడమ కాలు ఇప్పటికీ సరిగా వంగదు. ఆ కాలితోనే క్లచ్ తొక్కడం నేర్చుకున్నాడు. పాత పెట్రోలు కారు ఒకటి కొని కిరాయికి తిప్పుతున్నాడు.

అతని కారుకు విడవని బేరం పోశమ్మ. అదే ఊరామె, కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు జనగామ వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. కూతురు ప్రవళిక స్టేషన్ ఘన్‌పూర్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుంది, ప్రతిసారీ తోడు వెళ్లడం కుదరదు. అందుకే కాటమయ్యే పోశమ్మను చెయ్యి పట్టి కారెక్కించి, మళ్లీ ఇంటి గడప దాకా దింపేవాడు.

మార్చిలో కారుకు ఈ జబ్బు మొదలైనప్పుడు అతను జనగామలో దిలీప్ అనే మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. దిలీప్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. లేచింది. ఆపి వెంటనే మళ్లీ తిప్పాడు. మళ్లీ లేచింది.

“ఏదే అన్నా, మంచిగనే ఉంది గద!”

“నీ ముంగట మంచిగనే ఉంటది. తొవ్వల నా పానం తీస్తది.”

“బ్యాటరీ పాతగైనట్టుంది. మారుద్దాం.”

బ్యాటరీ మారింది. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజు మళ్లీ అదే కథ. ప్లగ్గులు మార్చారు. ఆ తర్వాత ట్యాంకులో పెట్రోలు పంపు మార్చారు. దిలీప్ కారు కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి చూశాడు. అందులో తప్పేమీ కనిపించలేదు.

“మిషనే ఏం లేదంటుంటే నేనేం జేయాలె అన్నా?”

“మిషన్ ఎన్నడన్న ఎండల నిలబడ్డదా? నేను నిలబడుతున్న.”

దిలీప్ నవ్వాడు. కాటమయ్యకు నవ్వు రాలేదు. నిజం చెబుతుంటే అబద్ధాలకోరులా నిలబడాల్సి రావడం అతన్ని కాలి నొప్పికన్నా ఎక్కువ బాధపెట్టింది.

మే నెలలో ఒక మంగళవారం డయాలసిస్ అయ్యాక తిరిగి వస్తుంటే, పోశమ్మకు మాత్రలు కొనాలని రఘునాథపల్లిలో మందుల దుకాణం ముందు కారు ఆపాడు. అక్కడ నలుగురు ముందున్నారు. పావుగంట పట్టింది. వచ్చి తాళం తిప్పితే బండి లేవలేదు. బానెట్ ఎత్తాడు, దించాడు, నలుగురి చేత నెట్టించాడు. ఏమీ లాభం లేదు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ నెత్తి మీద మండుతోంది.

వెనక సీట్లో పోశమ్మ కొంగుతో విసురుకుంటూ, “తమ్మీ, గొంతు ఎండుకపోతాంది,” అంది.

ఆమె రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టర్లు కొలత పెట్టారు. కాటమయ్య సీసా మూత నిండా పోసి ఇచ్చాడు. ఆమె పెదాలు తడుపుకుంది. కాసేపటికి కళ్లు తిరుగుతున్నాయని తలుపు పట్టుకుని వాంతి చేసుకుంది. దారిన పోతున్న ఆటోను ఆపి, ఆమెను పడుకోబెట్టి, తనూ ఎక్కి ఇంటికి చేర్చాడు. కారు రోడ్డు పక్కనే ఉండిపోయింది.

సాయంత్రం ప్రవళిక వచ్చింది. కేకలు వేయలేదు.

“మామా, నువ్వు మంచోనివే. నీ బండిని ఎట్ల నమ్మాలె? ఎల్లుండి సంది ఒక ఆటో మాట్లాడుకున్న.”



మరునాడు రఘునాథపల్లి వెళ్లి కారు తెచ్చుకున్నాడు. అది చక్కగా లేచింది! దాన్ని తన్నాలన్నంత కోపం వచ్చింది. ఇక ఎవరినీ అడగకుండా తనే చూసుకోవాలనుకున్నాడు. ఘన్‌పూర్ దాకా వెళ్లి వచ్చి ఇంటి ముందు ఆపాడు. వెంటనే తిప్పితే లేచింది. మళ్లీ తిరిగి వచ్చి, ఐదు నిమిషాలు ఆగి తిప్పితే లేచింది. మూడోసారి పది నిమిషాలు ఆగాడు. లేవలేదు.

“పనిల్లేదా ఏంది, ఎండల గా బండి సుట్టు తిరుగుతున్నవ్?” అని కౌసల్య గుమ్మంలోంచి కోప్పడింది.

“జర ఆగే, దొరికినట్టుంది.”

రెండు రోజులు అదే పని. ఆపిన తర్వాత పది నిమిషాల నుంచి ముప్పావుగంట మధ్యనే చిక్కు. ఇంకొకటి కూడా కనిపించింది. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే, ఇంజన్ వేగం చూపే ముల్లు కొంచెం పైకి లేస్తోంది. వేడి మీద కొడితే ఇంజన్ తిరుగుతున్నా ముల్లు సున్నా మీదే పడుకుంటోంది. రెండు నెలలుగా కళ్లముందే ఉన్న ముల్లును ఇన్నాళ్లూ చూడనందుకు తననే తిట్టుకున్నాడు.

శనివారం జనగామ వెళ్లి షాపు ముందు ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు. దిలీప్ చెయ్యి చాపాడు.

“తాళం ఇయ్యే, చూస్త.”

“ఇయ్య. పది నిమిషాలు కూసో.”

“నాకు గిరాకీ ఉందే అన్నా!”

“రెండు నెలల సంది నీ మాట ఇన్న. ఇయ్యాల పది నిమిషాలు నా మాట ఇను.”

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఆరో నిమిషంలో దిలీప్ లేవబోతే కాటమయ్య భుజం పట్టి కూర్చోబెట్టాడు. పదకొండో నిమిషంలో తాళం ఇచ్చాడు. సెల్ఫ్ తిరిగింది. ఇంజన్ లేవలేదు. దిలీప్ నాలుగుసార్లు ప్రయత్నించాడు.

“ముల్లు చూడు,” అన్నాడు కాటమయ్య.

దిలీప్ చూశాడు. అతని ముఖం మారింది. కారు కిందికి దూరి, గేరుబాక్సు పక్కన బొటనవేలంత ముక్క మీద తడిబట్ట పెట్టాడు. కొద్దిసేపయ్యాక, “కొట్టన్నా!” అని కింది నుంచే అరిచాడు. కాటమయ్య తాళం తిప్పాడు. లేచింది.

“గిది సెన్సార్ అన్నా. ఇంజన్ తిరుగుతుందని కంప్యూటర్‌కు చెప్పేది గిదే. వేడెక్కితే చెప్తలేదు. గది చెప్పకుంటే పెట్రోలు రాదు, నిప్పు రాదు. బండి ఆపినంక గాలి ఆడక లోపల వేడి ఇంకా ఎక్కుతది, గందుకే పది నిమిషాలు.”

“మొదటి దినమే చెప్పిన గద, ఆపినంక లేస్తలేదని!”

“అందరు గట్లనే చెప్తరే,” అన్నాడు దిలీప్ నేల చూస్తూ.

కొత్త సెన్సార్ వేశాక ఎన్నిసార్లు ఆపి చూసినా బండి మొరాయించలేదు. అయినా కాటమయ్య కోపం తీరలేదు. పనికొచ్చే బ్యాటరీ, పంపు పీకించుకున్నందుకు కాదు. ఆ ఎండలో పోశమ్మ కూర్చున్న తీరు గుర్తొచ్చి.

ఆదివారం ప్రవళిక ఇంటికి వెళ్లాడు. “నమ్మమంటలేను బిడ్డా, ఒక్కసారి చూడు,” అన్నాడు. ఆమె కారులో ఘన్‌పూర్ దాకా వచ్చింది. ఆపించింది. ఫోన్లో టైము చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చుంది. బండి లేచింది. ఆటో అతనికి వారం మాట ఇచ్చింది కాబట్టి, అది అయ్యాక వచ్చిన మంగళవారం తల్లిని మళ్లీ కాటమయ్య కారులో పంపింది.

ఆ రోజు తిరుగుదారిలో పోశమ్మ మామిడిపండ్ల బండి దగ్గర ఆపమంది. కిడ్నీల జబ్బు వల్ల ఆ పండు ఆమె తినకూడదు. కూతురి కోసమట. ఒక్కొక్కటీ వాసన చూసి ఏరి, బేరమాడి, తీరిగ్గా వచ్చి కూర్చుంది. కాటమయ్య అరచేతిని ప్యాంటుకు తుడుచుకుని తాళం తిప్పాడు. ఇంజన్ లేచింది. అతను గట్టిగా ఊపిరి వదిలాడు.

“ఏమైంది తమ్మీ?”

“ఏం కాలేదక్కా.”

“మరి పోనియ్, పండ్లు ఎండకు మెత్తబడతయ్.”