స్చూల్ అని చదివించిన పాపం

మా ప్రెస్సులో ఆమెను అందరూ రేడియో అనేవాళ్ళు. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం ఐదు దాకా ఆ గొంతు ఆగేది కాదు మరి. ఆమె పనే చదవడం. రచయిత ఇచ్చిన అసలు ప్రతిని ఆమె పైకి చదువుతుంటే, బల్లకి ఇవతల కూర్చుని నేను అచ్చుకాగితంలో తప్పులు పట్టేవాణ్ణి. ఇద్దరికీ కలిపి ఒక గది, ఒక ఫ్యాను, ఆ గాలికి కాగితాలు ఎగరకుండా నాలుగు ఇనుపముక్కలు.

మాకు వచ్చేవి ఎక్కువగా ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు. చేరిన మొదటి రోజు ఆమె చక్కగా ‘స్కూల్’, ‘కెమిస్ట్రీ’ అని చదివింది. నాకు ఒళ్ళు మండింది.

“స్కూల్ అంటే నాకేం తెలుస్తుంది అమ్మాయ్? అక్కడ హెచ్ ఉందో, ఎగిరిపోయిందో, కె వేసి ఏడిచారో! సి పక్కన హెచ్ కనిపిస్తే కళ్ళు మూసుకుని ‘చ’ అనెయ్. స్చూల్. చెమిస్ట్రీ.”

“అట్లా చదివితే నవ్వుతారు బాబాయ్!”

“ఈ గదిలో నవ్వేదెవరు, ఆ ఫ్యానా?”

నిజం చెప్పొద్దూ, అనుమానం వచ్చిన మాటకి అక్షరాలు విడివిడిగా చెప్పించుకుంటే సరిపోయేది. అందరూ చేసేది అదే. నాకు అంత ఓపిక ఎక్కడిది? పని తొందరగా తెమలాలని ఈ అడ్డదారి తొక్కాను. పదకొండేళ్ళు తొక్కించాను.

గది బయట ఆమె మాట శుభ్రంగానే ఉండేది. “పాపని స్కూల్లో దింపి వస్తున్నా బాబాయ్” అంటూనే లోపలికి వచ్చేది. చేతిలోకి కాగితం వచ్చి, ఎదురుగా నేను కూర్చున్నానో, ఇక స్చూలే. మా పుస్తకాల్లో తప్పు దొరకదని పేరొచ్చింది. ఆ మెప్పంతా నేనే మూటగట్టుకున్నాను.

తర్వాత తప్పులు కంప్యూటరే పట్టడం మొదలెట్టింది. చదివే మనిషి అక్కర్లేదన్నారు. కొన్నాళ్ళకి ఆమె మా ఇంటికి పరుగున వచ్చింది. చూపులేని పిల్లల బడిలో పాఠాలు చదివి రికార్డు చెయ్యడానికి మనిషి కావాలట.

“చదివే పనే బాబాయ్! నాకు చేతనైంది అదొక్కటే. ఒక్క మాట సాయం చెయ్యండి.”

ఆ బడిలో చదివి వినిపించే పుస్తకాలు అచ్చువేసింది మేమే. హెడ్మిస్ట్రెస్‌కి చెబితే ఆవిడ సరేనని, ఎంపికకి నన్ను కూడా కూర్చోమంది. పెద్దవాళ్ళ సరసన కుర్చీ అనేసరికి ఉబ్బితబ్బిబ్బయ్యాను.

ముందు తెలుగు పాఠం ఇచ్చారు. హెడ్మిస్ట్రెస్ కళ్ళు మూసుకుని వింది. తర్వాత ఇంగ్లీషులో సైన్సు పాఠం. చేతిలో కాగితం, ఎదురుగా నేను. ఇంకేముంది! స్టొమక్ ఏక్ అని రావాల్సిన చోట “స్టొమాచ్” అంది. తనకే తెలిసి నాలుక కరుచుకుంది. మళ్ళీ మొదలెట్టింది, మళ్ళీ అదే. “స్టొమాచ్... ఆచే...” రికార్డింగు చేసే అతను కిసుక్కున నవ్వాడు.

“ఏ తరగతి దాకా చదివావమ్మా?” అంది హెడ్మిస్ట్రెస్.

ఆమె నావైపు చూసింది. ఒక్క ముక్క చాలు. ‘తప్పు నాదండీ, పని కోసం నేనే అలా అలవాటు చేశాను, వారం రోజులిస్తే సర్దుకుంటుంది.’ నోటిదాకా వచ్చింది. ఇదేం పద్ధతయ్యా అని నన్నే నవ్వుతారేమోనని మింగేశాను. మింగి ఊరుకున్నానా? నేనూ నవ్వాను.

“పాపం, చదువు అంతంతమాత్రమండీ” అన్నాను.

నా నోరు పడిపోను! ఆమె కాగితం బల్లమీద పెట్టి, వస్తానండీ అని వెళ్ళిపోయింది.

వారం రోజులు తిండి సహించలేదు. చివరికి హెడ్మిస్ట్రెస్ దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాను.

“వేరే అమ్మాయిని తీసేసుకున్నాం. ఆ రోజే చెప్పుంటే ఈమెనే తీసుకునేదాన్ని కదండీ” అంది ఆవిడ.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం! అక్కణ్ణుంచి నేరుగా ఆమె ఇంటికెళ్ళాను. చూపు సరిగా ఆనని అత్తగారు తలుపు తీసింది.

“నువ్వైనా అడుగు నాయనా దాన్ని. రోజూ నాకు పేపరు చదివిపెట్టేది. వారం నుంచి ముట్టుకుంటే ఒట్టు. తెలుగు పేపరే! అడిగితే గొంతు బాలేదంటుంది. కూరలవాడితో బేరాలకి మాత్రం బాగానే లేస్తోంది గొంతు!”

ఆమె లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చింది. వెనకే కూతురు వచ్చి నిలబడింది.

“నీకు మొదటి రోజే సరిగ్గా వచ్చమ్మా. చెడగొట్టింది నేను. అక్కడ నవ్వింది కూడా నేనే. మీ అత్తగారి ముందు, నీ కూతురి ముందు ఒప్పుకుంటున్నాను” అన్నాను.

ఆమెకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

“మావాళ్ళకి నా సంగతి తెలుసు బాబాయ్. ఆ మాట అక్కడ అనాల్సింది” అంది.

గ్లాసు తీసుకున్నాను. అత్తగారు తడుముకుంటూ పేపరు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. ఆమె దాన్ని మడిచి కూతురి చేతికిచ్చి, “నువ్వు చదువు, నాకు రాదు” అంది.