గరిట ఎవరి చేతిలో ఉంటే

మా అత్తది గట్టి ప్రాణం. జ్వరమొచ్చినా పడుకునే రకం కాదు. అలాంటి మనిషి కిందటి వానాకాలం వసారాలో కాలుజారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మార్కాపురంలో ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ బాగానే జరిగింది. పేచీ అంతా తిండి దగ్గరే వచ్చింది. ముద్ద నోటిదాకా తీసుకుపోతే పెదాలు బిగించేది. నేను పెట్టినా అంతే, సిస్టర్లు పెట్టినా అంతే.

ఆమెకు మతిమరుపు జబ్బు మొదలై కొన్నేళ్ళయింది. నన్ను చూసి ఎవరో మంచి పిల్ల అనుకుంటుంది. అది నాకు లాభమే. కోడలినని గుర్తున్న రోజుల్లో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

డాక్టరు చిన్నవాడు, మెత్తగా మాట్లాడతాడు. కుట్లు మానాలంటే ఒంట్లోకి తిండి పోవాలని, రేపటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందని అన్నాడు. గొట్టం పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టాల్సి రావచ్చని కూడా చెప్పాడు. గిద్దలూరు పక్కన మా పల్లెలో, కందికోతల రోజుల్లో, ఇంటిల్లిపాదికీ కూలోళ్ళకీ వడ్డించిన చేతులవి. వాటిని కట్టేస్తారా అని ఒళ్ళు మండింది. కానీ ఎవరిమీద విరుచుకుపడాలో తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన క్యారియరు పట్టుకుని ఊరినుంచి వచ్చాడు. కొడుకుని చూడగానే అత్త మొహం విచ్చుకుంది. ఇదే అదనని నేను పప్పన్నం కలిపి ముద్ద అందించాను. నోరు తెరిచింది కూడా. అంతలో కొడుకు వైపు తిరిగింది.

"తిన్నావా నాయనా?"

"యాడమ్మా, బస్సు దిగి ఇట్లనే వచ్చినా."

నోరు టక్కున మూతపడింది.

అప్పుడు వెలిగింది నాకు. పొద్దున సిస్టరుని కూడా ఇదే మాట అడిగింది. ఆ పిల్ల ఉన్నదున్నట్టు, డ్యూటీ దిగాక తింటానని చెప్పింది. గది ఊడ్చే ఆమెనీ అడిగింది, ఆమెదీ అదే జవాబు. నన్నడిగితే నేను, ముందు నువ్వు తిను అని కసిరాను. అందరం కలిసి ఆమె నోరు మూయించాం.

మా ఇంట్లో గరిట పట్టినవాళ్ళు ఆఖరున తినాలి. మగవాళ్ళు, పిల్లలు, కూలోళ్ళు, వేళకి వచ్చిన చుట్టాలు, అందరూ తిని చేతులు కడిగాక గిన్నెలో ఏది మిగిలితే అది. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడు ఎదురుపడితే నాలుగు దులపాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. గరిట నా చేతికొచ్చి చాలా ఏళ్ళయింది. అడుగంటిన అన్నం నా వంతయ్యీ అన్నేళ్ళే అయింది. అత్త లెక్కలో మాత్రం గరిట ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

మా ఆయన్ని ఆమె ఎదురుగా కూర్చోబెట్టి తినమన్నాను. తర్వాత నేనూ తిన్నాను. ఆమె మా ఇద్దరి పళ్ళేలూ చూసింది, నోరు తెరిచింది. ఒక్కో ముద్దా మింగుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

సంగతి విని పెద్ద సిస్టరు, డ్యూటీ మారే వేళ మిగతావాళ్ళకి నన్నే చెప్పమంది. ఉపన్యాసాలు మనవల్ల కావు. తెలిసింది చెప్పాను. "మీకిది వార్డు. మా అత్తకి ఇది తన ఇల్లు, పొయ్యి మీద అన్నం ఉడికింది, మీరంతా చేలోనుంచి ఆకలితో వచ్చినోళ్ళు. మీకు పెట్టకుండా ఆమె ఎట్ల తింటుంది?"

ఒక సిస్టరు, ఊరికే తిన్నానని చెప్తే చాలదా అక్కా అని అడిగింది. చాలదన్నాను. అత్త మనుషుల పేర్లు మరిచిపోయింది గానీ, ఆకలి మొహం పోల్చుకోవడం మరిచిపోలేదు.

ఆ మర్నాటినుంచి ఆ సిస్టరు తన టిఫిన్ డబ్బా తెచ్చుకుని అత్త మంచం పక్కన నాలుగు ముద్దలు తిని, తర్వాత ఆమెకి పెట్టేది. ఊడ్చే ఆమె టీలో బన్ను ముంచుకుని వచ్చి చూపించేది. డాక్టరు కూడా ఒకరోజు బిస్కెట్టు నములుతూనే రౌండ్సుకి వచ్చాడు. గొట్టం మాటా కట్టేసే మాటా మళ్ళీ ఎవరి నోటా రాలేదు. కొత్తగా చేరిన ముసలివాళ్ళెవరైనా తినకపోతే, ఇంట్లో భోజనాలు ఎట్ల జరిగేవని పెద్ద సిస్టరు ముందుగా అడుగుతోందట. ఆ మాట విని సంతోషపడ్డాను.

ఇప్పుడు ఇంటికొచ్చాం. అత్త కర్ర పట్టుకుని వసారా దాకా నడుస్తోంది. మధ్యాహ్నం అన్నం దించగానే నేను ఆమె ఎదురుగా పళ్ళెం పెట్టుకుని కూర్చుంటాను. నేను తింటేగానీ ఆమె తినదు మరి. ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళకి, పొగలు కక్కే అన్నంలో నెయ్యి వేసుకుని అందరికంటే ముందు తింటున్నాను.

నిన్న నేను ముద్ద కలుపుతుంటే అత్త కూర గిన్నె నా వైపు జరిపింది.

"ఎవరింటి పిల్లవోమ్మా, మొగమాటపడబాక. ఇంగ కొంచెం ఏసుకో."

వేసుకున్నాను. నేను తినడం చూసి, ఆమె నోరు తెరిచింది.